గిట్ట దగ్గరి కొవ్వు

కౌతొకేనో నుంచి ట్రోమ్సో దాకా
ఏడు గంటలు బండి నడిపి
యోవ్నా తెచ్చాడు నాలుగు రెయిన్‌డీర్ కాళ్ళు,
పాత దిండు గలీబులో చుట్టి.
పసిబిడ్డని దించినట్టు నా బల్ల మీద దించి
"ముందు కాఫీ, తూరిడ్" అన్నాడు.

కాఫీ అయ్యాక వెనక మెట్ల మీదికి పిలిచాడు.
మైనస్ తొమ్మిది. కత్తి తనదే.
తొడ దగ్గర ఎముక చీలిస్తే
మూలుగ పేరిన నెయ్యిలా ఉంది,
కత్తిమొన మీద కొవ్వొత్తి ముక్కై నిలబడింది.
గిట్ట పైన చీలిస్తే,
అదే జంతువు, అదే కాలు, అదే చలి,
మూలుగ నూనెలా అతని వేలి మీంచి జారి
నా రిజిస్టరు మీద బొట్టు పడింది.
"మా మేనత్త బూట్ల తోలుకి ఇదే రాసేది.
తొడ కొవ్వు రాస్తే తోలు చెక్కవుతుంది.
దీనికి మీరేం పేరు పెట్టుకున్నారు?"

పేరుంది. చెప్పబుద్ధి కాలేదు.
పేరు చెప్పగానే తెలిసిపోయినట్టుంటుంది.
బొమ్మ గీశాను, బొట్టు పక్కనే.

ఒక తల, రెండు తోకలు.
తల నీటికి చుట్టం.
తోకలకి నీళ్ళు పడవంటాం గానీ
పగేమీ లేదు.
నీళ్ళకే నీళ్ళంటే వల్లమాలిన ప్రేమ,
ఒకదాని చెయ్యి ఒకటి వదలవు.
ఆ గుంపులో చోటు దొరకని తోకలు
ఒకదాని చాటుకి ఒకటి చేరతాయి.
బయటికి తలలు, లోపలికి తలలు,
నడుమ తోకకి తోక ఆన్చి రెండు వరసలు.
అంతే, కణానికి గోడ.
మేకు లేదు, సున్నం లేదు,
మేస్త్రీ అసలే లేడు.
వెలి కట్టిన ఇల్లది.

ఈ కాగితం మందంలో
అలాంటి గోడలు ఇరవై వేలు పేర్చొచ్చు.
గోడంటున్నాను గానీ నిలకడ లేదు దానికి:
పక్కవాడితో చోటు మార్చుకోవడం సెకనుకి కోటిసార్లు.
ఎదుటి వరసలోకి పల్టీ కొట్టాలంటే మాత్రం,
ఎవరైనా చెయ్యందిస్తే తప్ప,
గంటలు, ఒక్కోసారి రోజులు.
తల ఆ జిడ్డులో మునిగి దాటాలి కదా.

"మూలుగకీ గోడకీ ఏం సంబంధం?"
మంచి ప్రశ్న.
మూలుగలో నూనె వేరు, గోడలో అణువు వేరు,
తోకలు మాత్రం ఒకే కొట్లో కొన్నవి.

చలేస్తే నిటారు తోకలు
భుజాలు ఒరుసుకుని బిగుసుకుంటాయి.
తలుపులు తెరుచుకోవు, ఉప్పు కదలదు.
గిట్ట దగ్గరివి అలా నిలబడలేవు.
నడుమ ఒకచోట మోకాలు వంచి ఉంటాయి.
రెండు హైడ్రోజన్లు తక్కువ, అంతే.
ఆ లోటే వంపు,
వంపు పక్కన కాస్త సందు,
సందులో కదలిక.
మైనస్ నలభైలో ఆ జంతువు
నిలబడేది ఆ సందు మీద.

యోవ్నా అడక్కుండానే బూటు విప్పాడు.
ఎడమ పాదానికి మూడే వేళ్ళు.
ఒక వసంతంలో కాళ్ళ కింద నది మంచు విరిగింది,
మునుగుతున్న ఆడదాని కొమ్ము పట్టి లాగాడు.
"అది ఒడ్డుకొచ్చి ఒళ్ళు దులుపుకుని మేతకెళ్ళింది.
నా వేళ్ళు తెల్లారేసరికి నల్లబడ్డాయి.
నావి నిటారు రకం కాబోలు."
అతను నవ్వాడు. నేను ఇంకోసారి కాఫీ పోశాను.

గురువారం రాత్రి యంత్రం లెక్క తేల్చింది.
తొడ నుంచి గిట్టకి దిగేకొద్దీ
వంపులు మెట్టు మెట్టుగా పెరిగాయి.
ఫోన్ చేసి చదివి వినిపించాను, అంకె తర్వాత అంకె.
అటువైపు కుక్కలు, స్నోమొబైల్ మోత.
"సరే," అన్నాడు, "మిగిలింది పారెయ్యకు.
బూట్లున్నాయిగా నీకు."

రిజిస్టరు తెరిచాను.
బొట్టు ఇంకా పేరలేదు.
అది ఇంకిన మేర కాగితం అద్దమై
వెనక పేజీలో నేను రాసిన తేదీ
తిరగబడి కనిపిస్తోంది.